కూతకు వెళ్లిన పిల్లవాడిని చూసి కోతి కూతలు కూస్తే నిర్వాహకులు ఏం చేయాలి?

ములుగు వైపు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల ఊళ్లో ఏటా సంక్రాంతికి కబడ్డీ, వాలీబాల్ పోటీలు పెడతారు. పోయిన సంక్రాంతికి ఉట్నూరు వైపు నుంచి వచ్చిన గోండు జట్టులో ఒక రైడర్ కూతకు వెళ్లిన ప్రతిసారీ, తాడు అవతల కూర్చున్న పదిమంది కోతిలా అరిచారు. జాతి పేరు పెట్టి తిట్టారు. మరునాడు వాలీబాల్‌లో, హైదరాబాద్ కాలేజీ జట్టుతో వచ్చిన ఆఫ్రికా విద్యార్థికీ అదే మర్యాద జరిగింది. కమిటీ పెద్దలు ‘జనాన్ని మనం ఆపగలమా, ఆటలో ఇవన్నీ మామూలే’ అని తేల్చేశారు. ఈసారి ఆ రెండు జట్లూ రామంటున్నాయి. మ్యాచ్ ఆపాలా, పోలీసులకు చెప్పాలా, అసలు ఇది ఎవరి బాధ్యత అని ఆయన అడుగుతున్నారు.

ఆపాలి. మొదటి అరుపుకే ఆపాలి. పోలీసులకూ చెప్పాలి, కానీ వాళ్లు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోకూడదు. బాధ్యత ముందు ఈల ఎవరి నోట్లో ఉందో వారిది, తర్వాత మైకు ఎవరి చేతిలో ఉందో వారిది, ఆ తర్వాత కమిటీది, చివరికి పోలీసు ఠాణాది. మన దగ్గర ఈ వరుసను తలకిందులుగా పట్టుకుంటారు. రెఫరీ కమిటీ వైపు చూస్తాడు, కమిటీ సర్పంచ్ వైపు చూస్తుంది, సర్పంచ్ బందోబస్తుకు వచ్చిన హోంగార్డు వైపు చూస్తాడు. హోంగార్డు స్కోరు బోర్డు వైపు చూస్తుంటాడు. ఈలోగా ఆ పిల్లవాడు నాలుగుసార్లు కూతకు వెళ్లి వస్తాడు.

నేను ముప్పై ఏళ్లకు పైగా వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. ఉండేది హనుమకొండలో. పాఠశాలల పోటీల నుంచి ఊరి జాతర పోటీల దాకా కబడ్డీకి అంపైర్‌గా, రెఫరీగా నిలబడ్డాను. చాలా చోట్ల నిర్వాహకుడిగా కూడా చేశాను. కింద రాసేవన్నీ నేను చేసి చూసినవి. కొన్ని చేసి చెడగొట్టినవి.

ముందు ఆ ‘ఆటలో మామూలే’ సంగతి. ఎగతాళి, జాతి దూషణ ఒకటి కాదు. ‘కాళ్లు వణుకుతున్నాయా’, ‘ఇంట్లో అన్నం పెట్టలేదా’ అనడం ఎగతాళి. అది ఆటకు ఉప్పులాంటిది, అది లేకపోతే కబడ్డీ చప్పగా ఉంటుంది. రెండింటికీ తేడా తెలియడం లేదనే అంపైర్లకు నేను ఒక గుర్తు చెబుతుంటాను. ఆటగాడు బాగా ఆడితే ఆ మాట ఆగిపోతే అది ఎగతాళి. బాగా ఆడేకొద్దీ పెరిగితే అది దూషణ. మీ గోండు రైడర్ ఓడిపోతున్నందుకు వాళ్లు అరవలేదు, గెలుస్తున్నందుకే అరిచారు. అన్నం తినలేదా అన్నవాడికి మరో పాయింటుతో జవాబు చెప్పవచ్చు. ఒంటి రంగుకు, పుట్టిన గూడేనికి పాయింటుతో జవాబు చెప్పడం కుదరదు.

గోండు పిల్లవాడిని అన్నదాన్ని జాతి వివక్ష అనకూడదని, ఆ మాట తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ మధ్యే చెల్లుతుందని కమిటీలో ఎవరో వాదించారని రాశారు. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్ సెమీఫైనల్లో మన మహిళల హాకీ జట్టు అర్జెంటీనా చేతిలో ఓడినప్పుడు, హరిద్వార్ దగ్గర వందనా కటారియా ఇంటి ముందు టపాసులు కాల్చి కులం పేరుతో తిట్టినవాళ్లు కూడా క్రీడాభిమానులే. పోలీసులు ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కిందే కేసు పెట్టారు. పేరు ఏది పెట్టినా దెబ్బ అక్కడే తగులుతుంది. ఆ వాదనకు ఇంతకంటే సమయం ఇవ్వను.

ఇక మొదటి అరుపుకే ఎందుకు ఆపాలి? దీనికి జవాబు నా తప్పులోనే ఉంది. ఉద్యోగంలో చేరిన మూడో నాలుగో ఏడు, ఏటూరునాగారం వైపు నుంచి ఒక కోయ పిల్లవాడు ఆశ్రమ పాఠశాల జట్టుతో వచ్చాడు. బక్కగా ఉండేవాడు, కానీ కూతకు వెళితే గీత మీద గాలిలా తిరిగేవాడు. బోనస్ తీసుకుని, మూలన ఉన్నవాణ్ణి తాకి, వెనక్కి దూకితే పట్టుకోబోయినవాళ్లు ఒకరి మీద ఒకరు పడేవాళ్లు. రెండో సగంలో ఒక మూల నుంచి అరుపులు మొదలయ్యాయి. నేను అంపైర్‌ని. నా పని గీతల లోపలే అనుకున్నాను. ఆ పిల్లవాడు తర్వాత మూడుసార్లు వెళ్లి మూడుసార్లూ దొరికిపోయాడు. కబడ్డీ ఆడినవారికి ఇది వివరించనక్కరలేదు. ముప్పై సెకన్లు ఊపిరి బిగపట్టి ఒకే మాట పలుకుతూ వెళ్లేవాడికి చెవిలో ఇంకో మాట పడితే ఊపిరి తెగుతుంది. మరుసటి ఏడాది ఆ జట్టు వచ్చింది, అతను రాలేదు. వాళ్ల మాస్టారును అడిగితే, బడికి వస్తున్నాడు, ఆట మానేశాడు అన్నారు.

అంటే నేను గీతల లోపలే చూశానన్న మాట కూడా అబద్ధమే. ఆ అరుపులు గీతల లోపలికి వచ్చి మూడు పాయింట్లు తీసుకెళ్లాయి.

నియమం లేదని ఎవరైనా అంటే నమ్మకండి. కబడ్డీలో జట్లు తీసుకునే టైమ్ అవుట్ వేరు, అఫీషియల్ టైమ్ అవుట్ వేరు. ఆటగాడికి దెబ్బ తగిలినా, గీతలు చెరిగినా, బయటివారి వల్ల ఆటకు ఆటంకం కలిగినా రెఫరీ తానే గడియారం ఆపవచ్చు. కుక్క కోర్టులోకి వస్తే ఆపుతాం కదా. తాడు అవతల మనిషి కోతిలా అరిస్తే ఆపడానికి వేరే ఉత్తర్వు ఎందుకు?

ఫుట్‌బాల్‌లో దీనికి మూడు మెట్లు పెట్టారు. మొదటి మెట్టులో రెఫరీ ఆట ఆపి మైకులో హెచ్చరిక చెప్పిస్తాడు. ఆగకపోతే రెండో మెట్టులో ఆటగాళ్లను కొంతసేపు లోపలికి పంపిస్తాడు. అప్పటికీ ఆగకపోతే మ్యాచ్ రద్దు. 2019 అక్టోబరులో సోఫియాలో బల్గేరియా, ఇంగ్లండ్ మ్యాచ్‌ను ఇలాగే మొదటి సగంలో రెండుసార్లు ఆపారు. 2024 మేలో బ్యాంకాక్‌లో జరిగిన ఫిఫా సమావేశంలో ఒక సైగ కూడా ఖాయం చేశారు. ఆటగాడు రెండు చేతులనూ మణికట్టు దగ్గర అడ్డంగా పెట్టి చూపిస్తే రెఫరీ ఆ మూడు మెట్ల పద్ధతిని మొదలుపెట్టాలి. మన పోటీలకు ఇందులో పనికొచ్చేది ఆ సైగే. మన పిల్లలు రెఫరీ దగ్గరికి వెళ్లి ‘సార్, నన్ను ఇలా అంటున్నారు’ అని నోటితో చెప్పరు. చెప్పడమే రెండో అవమానంలా ఉంటుంది. చేతులు అడ్డంగా పెట్టడం తేలిక. నేను చివరి కొన్నేళ్లు ఆటకు ముందు ఇద్దరు కెప్టెన్లనూ పిలిచి టాస్ వేసేటప్పుడే ఒక సైగ చెప్పేవాణ్ణి. అప్పట్లో మాది చెవి పట్టుకోవడం.

మీ పెద్దల భయం నాకు తెలుసు. ఆట ఆపితే జనం గోల చేస్తారు, కుర్చీలు విసురుతారు, దాతకు కోపం వస్తుంది. ముప్పై ఏళ్లలో అరుపుల కారణంగా నేను ఆట ఆపినవి ఇరవై దాకా ఉంటాయి. ఆటగాళ్లను టెంటులోకి పంపాల్సి వచ్చింది రెండుసార్లే. రద్దు దాకా ఒక్కసారీ పోలేదు. కారణం సులువు. అరిచేవాళ్లు పదిమంది, చూడడానికి వచ్చినవాళ్లు వెయ్యిమంది. ఆట నడుస్తున్నంతసేపు ఆ వెయ్యిమందికీ ఆ పదిమందితో పేచీ లేదు. ఆట ఆగి మూడు నిమిషాలు గడిస్తే పక్కన కూర్చున్నవాడే ‘నోరు ముయ్యి, ఆట చూడనివ్వు’ అంటాడు. ఆ పని పోలీసు లాఠీ కంటే బాగా చేస్తాడు.

దీనికో చిక్కు ఉంది. ఓడిపోయే జట్టు మనుషులు, ఎదుటి రైడర్ ఊపు చెడగొట్టడానికే కావాలని అరిచి ఆట ఆపించవచ్చు. అందుకే స్థానిక నియమాల్లో ఒక వాక్యం రాసుకోండి. దూషణ వల్ల ఆట ఆగితే ఆ కూత లెక్కలోకి రాదు, రైడర్ దొరికినా సరే. ఊపిరి తీసుకుని, కావాలంటే నీళ్లు తాగి, కొత్తగా ముప్పై సెకన్లతో మళ్లీ వెళతాడు. అరిచినందువల్ల లాభం లేదని రెండు మ్యాచ్‌లలో తెలిసిపోతుంది.

ఇప్పుడు మైకు. దీని గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

మన ఊరి పోటీల్లో జనానికి పేర్లు నేర్పేది మైకు పట్టుకున్న వ్యాఖ్యాతే. ఆటగాళ్ల అసలు పేర్లు ఆయనకు తెలియవు, చెస్ట్ నంబరు చదవడానికి కళ్లజోడు లేదు. అందుకని తనకు తోచిన పేరు పెడతాడు. పొడుగ్గా ఉంటే తాటిచెట్టు, లావుగా ఉంటే రోడ్డు రోలరు. నల్లగా ఉంటే కాకి, బొగ్గు, వెస్టిండీసు. జనం నవ్వుతారు. ఆయనకు ఉత్సాహం వస్తుంది, మళ్లీ అంటాడు. పావుగంట తర్వాత తాడు అవతలి కుర్రాళ్లు అదే మాటను ఇంకో మెట్టు పైకి తీసుకెళతారు. మీ వాలీబాల్ మ్యాచ్ వీడియో ఎవరి ఫోనులోనైనా ఉంటే పెట్టి వినండి. మొదటి మాట మైకులోనే వచ్చి ఉంటుందని నా అనుమానం. నేను కమిటీలో ఉన్న ఒక పోటీలో ఇది జరిగినప్పుడు మొదట నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను, దాచుకోను.

అప్పటి నుంచి వ్యాఖ్యాతకు డబ్బు ఖాయం చేసేటప్పుడే ఒక షరతు పెడుతున్నాను. ఆటగాడిని చెస్ట్ నంబరుతో గాని, జట్టు ఇచ్చిన జాబితాలోని పేరుతో గాని పిలవాలి. కొత్త పేర్లు పెట్టకూడదు. జాబితాను పెద్ద అక్షరాలతో రాసి ఆయన బల్ల మీద అతికించడం కమిటీ పని. ఇంత చిన్న విషయమా అనిపిస్తుంది. కానీ వెయ్యిమందికి ఒకడి పేరు తెలిశాక వాణ్ణి జంతువు పేరుతో పిలవడం కొంచెం కష్టమవుతుంది.

‘ప్రేమగా పిలిచాం సార్’ అనే జవాబు వస్తుంది. వెస్టిండీస్ మాజీ కెప్టెన్ డారెన్ సామీ 2020 జూన్‌లో బయటపెట్టిన విషయం గుర్తుందా? ఐపీఎల్‌లో హైదరాబాద్ జట్టుకు ఆడే రోజుల్లో తనను ‘కాలూ’ అని పిలిచేవారని, దానికి బలమైనవాడని అర్థమేమో అనుకున్నానని, అసలు అర్థం ఏళ్ల తర్వాత తెలిసిందని చెప్పారు. పిలిచినవాళ్లకు ద్వేషం ఉండకపోవచ్చు. మా నాయనమ్మ కూడా నన్ను ‘కర్రెన్న’ అనే పిలిచేది. కానీ నేను ఆమెకు ఎదురు మాట చెప్పగలను, ఆమె ఒళ్లో కూర్చోగలను. పరాయి ఊళ్లో, తెలియని భాషలో, వెయ్యిమంది మధ్య నిలబడ్డవాడు ఎవరికి ఎదురు చెప్పగలడు?

తర్వాతిది మనిషిని గుర్తుపట్టడం. ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి.

2021 జనవరి సిడ్నీ టెస్టు మీరు చూసే ఉంటారు. మన సిరాజ్ బౌండరీ దగ్గర నిలబడి తనను ప్రేక్షకులు తిడుతున్నారని కెప్టెన్ రహానేకు చెప్పాడు. ఆట పది నిమిషాల దాకా ఆగింది. పోలీసులు వచ్చి ఆరుగురిని స్టాండు నుంచి పంపేశారు. హైదరాబాదీ కుర్రాడు నోరు తెరిచి చెప్పాడని మనమంతా గర్వపడ్డాం, పడాల్సిందే. నవంబరులో తండ్రి చనిపోయినా ఇంటికి రాకుండా అక్కడే ఉన్నవాడు. అయితే తర్వాతి సంగతి మన పత్రికల్లో చిన్నగా వచ్చింది. ఆ నెలాఖరుకు క్రికెట్ ఆస్ట్రేలియా విచారణలో రెండు విషయాలు తేల్చింది. భారత ఆటగాళ్లను జాతి పేరుతో దూషించిన మాట నిజం. బయటకు పంపిన ఆ ఆరుగురు మాత్రం ఆ మాటలు అన్నవాళ్లు కాదు. కెమెరాలు, టిక్కెట్ల వివరాలు, పక్క సీట్లవారి సాక్ష్యాలు అన్నీ చూశాకే అలా తేల్చారు.

అన్ని కెమెరాలున్న చోటే అలా జరిగితే మన జొన్న చేలో తాడు కట్టిన మైదానంలో ఎలా ఉంటుందో ఊహించండి. నేను ఒకసారి ఎర్రచొక్కా వేసుకున్న కుర్రాణ్ణి వేలు పెట్టి చూపించి బయటకు పంపించాను. వాడు ఏడుస్తూ వెళ్లాడు. అరిచింది వాడి వెనక కూర్చున్న పెద్దమనిషి, వయసు యాభై పైనే. కాబట్టి చోటు మార్చడం వేరు, దోషి అని ప్రకటించడం వేరు. అనుమానం ఉంటే ఆ మూలను ఖాళీ చేయించి వాళ్లను నలుగురు వలంటీర్ల మధ్య వేరేచోట కూర్చోబెట్టండి. మైకులో పేరు, ఊరు చదవకండి. దానికంటే ముందు చేయాల్సింది, ప్రతి మూలకు ఒక మనిషిని జనం వైపు తిరిగి నిలబెట్టడం. మన వలంటీర్లంతా ఆట వైపే తిరిగి నిలబడతారు, వాళ్లదీ తప్పు కాదు, ఆట చూడాలనే వచ్చారు. నలుగురికి మ్యాచ్‌కు ఇంత అని ఇచ్చి, ఫోను జనం వైపు పట్టుకోమని చెప్పండి. ఫోను తమవైపు ఉందని తెలిసిన మూల సగం దానంతట అదే సర్దుకుంటుంది.

అరిచినవాళ్ల ఊరి జట్టుకు పాయింట్లు కోయాలా? మీ ప్రశ్నలో ఇది లేదు కానీ కమిటీలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వద్దు. పెద్ద క్లబ్బుల సంగతి వేరు. వాళ్లకు సొంత స్టేడియం ఉంది, టిక్కెట్ల డబ్బు ఉంది, అభిమానుల మీద పట్టు ఉంది. 2023 మేలో స్పెయిన్‌లోని వాలెన్సియా మైదానంలో రియల్ మాడ్రిడ్ ఆటగాడు వినీసియస్‌ను కోతి అని అరిచినప్పుడు, ఆ క్లబ్బుకు 45,000 యూరోల జరిమానా, ఒక స్టాండును అయిదు మ్యాచ్‌ల దాకా మూసేయాలనే శిక్ష వేశారు. అప్పీలులో అవి 27,000 యూరోలకు, మూడు మ్యాచ్‌లకు తగ్గాయి. దాని వల్ల ఎవరికైనా బుద్ధి వచ్చిందో లేదో చెప్పలేను. కానీ 2024 జూన్‌లో అదే మ్యాచ్‌లో అరిచిన ముగ్గురికి కోర్టు ఎనిమిది నెలల జైలు శిక్ష, స్టేడియంలోకి రెండేళ్ల నిషేధం విధించింది. ఫుట్‌బాల్ మైదానంలో జాతి దూషణకు ఆ దేశంలో పడిన మొదటి శిక్ష అది. మొదటి నేరానికి రెండేళ్ల లోపు శిక్ష పడితే అక్కడ సాధారణంగా జైలుకు పంపరు. అయినా దాని దెబ్బ వేరు. స్టాండు మూస్తే నలభై వేలమందికి కోపం వస్తుంది. మనిషిని పట్టుకుంటే ఆ మనిషి పక్కవాడికి భయం వేస్తుంది.

ఇంగ్లండ్‌లో 1991లోనే దీనికి చట్టం చేశారు. మొదట్లో ఇద్దరో అంతకంటే ఎక్కువమందో కలిసి అరిస్తేనే నేరం అన్నట్టు రాసుకున్నారు, ఒంటరిగా అరిచేవాడు తప్పించుకునేవాడు. 1999లో ఆ సందు మూసేశారు. కోర్టు అభిమానిని మూడు నుంచి పదేళ్ల దాకా మైదానాలకు దూరం పెట్టవచ్చు.

పాయింట్లు కోయడం నేను ఒకసారి ప్రయత్నించాను. సెమీఫైనల్లో ఆతిథ్య జట్టుకు రెండు పాయింట్లు కోశాను. మరునాడు ఫైనల్లో అదే జట్టుకు నష్టం చేయాలని ఎదుటి ఊరివాళ్లే ఒకణ్ణి ఆతిథ్య జట్టు మూలలో కూర్చోబెట్టి అరిపించారు. తర్వాత తెలిసింది. అప్పటికి బహుమతి మేకపోతును కూడా కోసేశారు.

మరి టిక్కెట్టే లేని చోట నిషేధం ఎలా? మన దగ్గర తాడు తప్ప గేటు లేదు. నాకు పనిచేసింది ఇది. కమిటీలో ప్రతి వాడకట్టు నుంచి ఒక పెద్దను పెట్టుకుంటాం. అరిచినవాడు ఎవరో తేలితే ఆ వాడకట్టు పెద్దే వెళ్లి చేయిపట్టుకుని ఇంటికి తీసుకెళతాడు. తర్వాతి ఏడాది వాడికి వలంటీరు బ్యాడ్జి ఉండదు, ఊరి జట్టులో ఆడేవాడైతే ఆ ఏడాది ఆడడు. పై ఊరివాడైతే అతని జట్టు మేనేజరుకు రాతపూర్వకంగా చెబుతాం, వచ్చే ఏడు ఆ మనిషిని వెంట తీసుకురావద్దని. ఎంట్రీ ఫారంలోనే ఈ షరతు ఉండాలి. అప్పటికప్పుడు కనిపెట్టిన శిక్ష ఎవరూ ఒప్పుకోరు.

మైకులో క్షమాపణ చెప్పించకండి. ఇది నా మరో తప్పు. ఒక లంబాడ పిల్లవాడిని తిట్టిన కుర్రాణ్ణి పట్టుకుని, కోర్టు మధ్యలోకి ఇద్దరినీ పిలిచి, అందరి ముందు చేతులు కలిపించాను. జనం చప్పట్లు కొట్టారు, సర్పంచ్ నన్ను మెచ్చుకున్నారు. ఆ లంబాడ పిల్లవాడి ముఖం చూశాక నాకు అర్థమైంది. తిట్టు పదిమందికే వినిపించింది. క్షమాపణ పేరుతో నేను దాన్ని ఊరందరికీ వినిపించాను. పైగా అతను ‘పర్వాలేదు’ అనక తప్పని చోట నిలబెట్టాను. క్షమాపణ కావాలా వద్దా, కావాలంటే ఎక్కడ, ఎవరి ముందు అన్నది తిట్లు పడినవాణ్ణే పక్కకు పిలిచి అడగండి. కోచ్‌ను కాదు, కెప్టెన్‌ను కాదు.

అరిచినవాళ్లు చిన్నపిల్లలైతే? మీ పదిమందిలో సగం బడి పిల్లలే అని రాశారు కాబట్టి చెబుతున్నాను. 2013 మేలో మెల్‌బోర్న్‌లో ఆడమ్ గూడ్స్ అనే ఆదివాసీ మూలాల ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ ఆటగాడిని ఒక బాలిక ‘ఏప్’ (కోతి) అంది. ఆయన వేలు పెట్టి చూపించాడు, సిబ్బంది ఆమెను బయటకు తీసుకెళ్లారు. ఆమెకు పదమూడేళ్లని తర్వాత తెలిసింది. మరునాడు ఆయన, తప్పు ఆ పిల్లది కాదు, ఆమెను తిట్టకండి, ఆమెకు తోడు నిలవండి అన్నాడు. ఇంత మర్యాదగా మాట్లాడిన మనిషిని తర్వాతి రెండేళ్లు పెద్దవాళ్లే మైదానాల్లో గేలి చేశారు. 2015లో ఆట వదిలేశాడు. లీగ్ 2019లో క్షమాపణ చెప్పింది. పిల్ల విషయం ఒక్క రోజులో సర్దుకుంది. పెద్దల గేలిని మాత్రం అధికారులు అభిమానుల హక్కు అని చూస్తూ ఊరుకున్నారు.

మన పిల్లలకు ఆస్ట్రేలియా కథ అక్కరలేదు. పర్వతగిరి మండలం కల్లెడ ఎంత దూరం? జీవాంజి దీప్తిని చిన్నప్పుడు ఊళ్లో పిచ్చిది, కోతి అని పిలిచేవారని ఆమె తల్లిదండ్రులే చెప్పుకున్నారు. ఆమె 2024 మేలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్ల టీ20 (బుద్ధి ఎదుగుదలలో లోపం ఉన్నవారి) విభాగాన్ని 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు పెట్టింది, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఆ మాట మన జిల్లాలో ఎవరి మీద పడిందో బడి పిల్లలకు చెబితే చాలు. పతకం తెచ్చింది కాబట్టి అనకూడదని మాత్రం చెప్పకండి. పతకం తేని పిల్లలు బోలెడంతమంది ఉన్నారు. నేను అలాంటి పిల్లలను మరునాడు స్కోరర్ పక్కన కూర్చోబెట్టేవాణ్ణి. రెండు జట్ల పేర్లూ రాయాలి, ప్రతి కూతకూ పేరు అడిగి పాయింటు వేయాలి. కొందరు మారారు. కొందరు స్కోరు తప్పులు రాసి ఇంకో గొడవ తెచ్చారు.

ఇక పోలీసులు, చట్టం. నేను వకీలును కాదు. కేసు దాకా వెళ్లిన రెండు సందర్భాల్లో సాక్షిగా తిరిగినవాణ్ణి.

గోండు, కోయ, లంబాడ ఆటగాళ్ల విషయంలో 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుంది. సెక్షన్ 3(1) లోని ఆర్, ఎస్ క్లాజులు చూడండి. నలుగురూ చూసే చోట అవమానించాలని దూషించడం, కులం పేరుతో తిట్టడం నేరం. శిక్ష ఆరు నెలల నుంచి అయిదేళ్లు. దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి. తిట్టినవాడు కూడా ఎస్సీ గాని, ఎస్టీ గాని అయితే ఈ చట్టం వర్తించదు. ఇంకో మెలిక ఉంది. ఆ వర్గానికి చెందినవాడు కాబట్టే అవమానించారని తేలాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. అంటే ఉత్త అరుపుకూ, జాతి పేరు పెట్టి అన్న మాటకూ కోర్టులో తేడా ఉంటుంది. అందుకే ఏ మాట అన్నారో, ఎన్ని గంటలకు, ఎవరు విన్నారో ఆ రాత్రే కాగితం మీద రాసి ముగ్గురితో సంతకాలు పెట్టించండి. నెల తర్వాత అందరూ ‘ఏదో అన్నారు’ అంటారు.

ఆఫ్రికా విద్యార్థికి ఆ చట్టం వర్తించదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 196 ఉంది. జాతి, పుట్టిన చోటు, భాష వంటివాటి పేరిట వర్గాల మధ్య వైరం పెంచితే మూడేళ్ల దాకా శిక్ష. అయితే అది వర్గాల మధ్య చిచ్చు గురించి. ఒక మనిషిని కోతి అన్నంత మాత్రాన ఆ సెక్షన్ కింద నిలబెట్టడం కష్టం. రెచ్చగొట్టే అవమానానికి సెక్షన్ 352 ఉంది, దానికి పోలీసులు నేరుగా కేసు కట్టలేరు, కోర్టు అనుమతి కావాలి. ఢిల్లీలో జాతి ఎగతాళితో మొదలైన గొడవలో దెబ్బలు తిని అరుణాచల్ కుర్రాడు నిడో తానియా చనిపోయాక వేసిన బెజ్‌బరువా కమిటీ 2014లోనే జాతి దూషణకు వేరే సెక్షన్లు కావాలంది. అలాంటివి ఉంటే మీ ఎస్సై పని తేలికయ్యేది. రాయి విసిరినా, చెయ్యి వేసినా సంగతి వేరు, వెంటనే 112కు ఫోను చేయండి.

ఎస్సై దగ్గరికి మ్యాచ్ రోజున కాదు, అనుమతి కాగితం ఇచ్చే రోజునే వెళ్లండి. ఏయే జట్లు వస్తున్నాయో, పోయిన ఏడు ఏం జరిగిందో చెప్పి, బందోబస్తుకు వచ్చేవారిని ఆ మూలలో నిలబెట్టమని అడగండి. ఆదివాసీ జట్టు ఆశ్రమ పాఠశాలది అయితే గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) అధికారులకు కూడా ఒక ఉత్తరం పెట్టండి. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది ఆటగాడి ఇష్టం. కానీ చేస్తానంటే అతనితో ఠాణాకు వెళ్లాల్సింది కమిటీ అధ్యక్షుడు. 2024 మార్చిలో కేరళలోని మలప్పురం జిల్లాలో ఒక ఐవరీ కోస్ట్ ఫుట్‌బాల్ ఆటగాణ్ణి ప్రేక్షకులు జాతి పేరుతో తిట్టి, తరిమి కొట్టారు. అతను తానే ఎస్పీ దగ్గరికి వెళ్లి ఫిర్యాదు చేయాల్సి వచ్చింది. భాష తెలియని కుర్రాడు ఠాణా మెట్లు ఒంటరిగా ఎక్కితే, పోటీ పెట్టిన పెద్దలకు ఫ్లెక్సీ మీద ఫొటోలు ఎందుకు?

జట్టు ఆట వదిలి వెళ్లిపోతానంటే ఏం చేయాలి? వెళ్లనివ్వండి. సిడ్నీలో అంపైర్లు, కావాలంటే మైదానం వదలవచ్చన్నారు, రహానే ఆడతామన్నాడు. 2013 జనవరిలో ఇటలీలో ఒక స్నేహపూర్వక మ్యాచ్‌లో ఏసీ మిలాన్ ఫుట్‌బాల్ ఆటగాడు కెవిన్ ప్రిన్స్ బోటెంగ్ బంతిని ప్రేక్షకుల వైపు తన్ని వెళ్లిపోయాడు, జట్టంతా అతని వెనకే నడిచింది. రెండూ సరైనవే. మీరు చేయాల్సింది ఒక్కటే, అలా వెళ్లిన జట్టుకు వాకోవర్ కింద ఓటమి రాయకూడదు. ఆ మ్యాచ్‌ను మరునాడు పొద్దున, అవసరమైతే జనం లేకుండా, ఆగిన స్కోరు దగ్గర నుంచే ఆడించండి.

ఇప్పుడు రామంటున్న ఆ రెండు జట్ల విషయం. వాట్సాప్‌లో ఆహ్వానం పంపితే రారు. కమిటీ నుంచి ఇద్దరు ఉట్నూరు వెళ్లండి. దారి ఖర్చు ఎంతైనా ఫ్లెక్సీల ఖర్చు అంత ఉండదు. వెళ్లి ‘పోయిన ఏడు మేము ఆపలేదు’ అనే మాట ముందు చెప్పండి. ఆకతాయిలు, తాగినవాళ్లు అని మొదలుపెట్టకండి. ఈసారి రాసుకున్న నియమాల కాగితం వాళ్ల చేతికివ్వండి. వాళ్లు దిద్దితే దిద్దనివ్వండి. అయినా రామంటే అది వాళ్ల ఇష్టం, రెండోసారి అడగకండి. కాలేజీ జట్టుకు వాళ్ల ఫిజికల్ డైరెక్టర్ ద్వారా ఉత్తరం పెట్టండి, ఆ విద్యార్థి పేరు సరిగ్గా పలకడం ముందే నేర్చుకుని వ్యాఖ్యాతకు తెలుగులో రాసివ్వండి.

ఒకటి మరిచాను. రాత్రి మ్యాచ్‌లు ఉంటే జెనరేటరు ఒక్కటి నమ్ముకోకండి. కరెంటు పోయి, జెనరేటరు అందుకునేదాకా ఉండే ఆ రెండు నిమిషాల చీకట్లోనే అన్నిటికంటే పాడు మాటలు వినిపిస్తాయి, ఎవరన్నారో ఎవరికీ కనిపించదు. మైకుకు వేరే బ్యాటరీ పెట్టించండి. జనం కూర్చునే నాలుగు మూలల్లో చార్జింగు లైట్లు పెట్టించండి. దీపాలన్నీ కోర్టు మీదికే తిప్పి కడతారు మనవాళ్లు, రెండు అటువైపు తిప్పమని ఎలక్ట్రీషియన్‌కు ముందు రోజే చెప్పండి.